గంటకీ డేగకీ మధ్య నా ఎడమకాలు

రెండు గుర్తుల షెడ్డులో మెకానిక్కుని, ఇరవై ఆరేళ్లవాణ్ణి, తొమ్మిదో తరగతిలో బడి మానేసి మిగతా చదువు బండ్ల పుస్తకాల్లో చదువుకున్నవాణ్ణి, నాలుక గరుకని అందరూ 'ఆకురాయి' అని పిలిచేవాణ్ణి, ఎముకల వార్డులో పదకొండో నంబరు మంచం మీద కూర్చుని నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఎడమకాలు తప్ప నా ఒంట్లో అన్నీ పనిచేస్తున్నాయి, బుద్ధితో సహా. నన్నెవరూ బలవంతపెట్టలేదు. బతిమాలనూ లేదు. నాకున్నవి చూసి బతిమాలేంత వెర్రివాళ్లు మా ఇంట్లో లేరు.

రేపు నాకు రెండో ఆపరేషను. మొదటిసారి వేసిన రాడ్డు దగ్గర చీము పట్టింది. తీసి ఇంకోటి వేస్తారట. మత్తులోంచి లేవకపోతే తమ పూచీ లేదని ఒక కాగితం మీద నాచేత సంతకం పెట్టించుకున్నారు. వాళ్లు రాసుకోగా లేనిది నేను రాసుకుంటే ఏం పోయింది? దస్తావేజులు రాసే ఆయన నమూనా ఒకటి పంపాడు. అందులో పొలాలకీ తోటలకీ ఖాళీలు వదిలారు. ఆ ఖాళీల్లో నాకున్నవి రాస్తాను.

ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. మా షెడ్డు నాన్నదీ బాబాయిదీ. నడిమధ్య నేల మీద పసుపు గీత ఉంటుంది. గీతకి అటు నాన్న, గంట గుర్తు మోటారుసైకిళ్లు. ఇటు బాబాయి, డేగ గుర్తు బండ్లు. ఐదు వారాల కిందట బాబాయి బ్రేకు బాగుచేసిన డేగ బండిని నేను ట్రయలుకి తీసుకెళ్లి బేకరీ మలుపులో వ్యానుకి గుద్దాను. బ్రేకు పడలేదని నాన్న తీర్మానించేశాడు. "నా కొడుకు కాలు తిన్నావురా" అన్నాడు తమ్ముణ్ణి, వార్డు వరండాలో, పదిమందిలో. ఆ రోజునుంచి బాబాయి పానా పట్టలేదు. ముప్పై ఏళ్లు పట్టిన చెయ్యి. నట్టు చూస్తే వణుకుతోందట. అసలేం జరిగిందో నాకొక్కడికే తెలుసు. ఐదు వారాలుగా నోరు మూసుకున్నాను. రేపు నేను లేవకపోతే ఆ నిజం నాతోపాటే పోతుంది. అందుకు ఈ కాగితం. ఆస్తి కోసం కాదు.

అంశం 1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా ఎదురుగా ఉన్న లేతు మాస్టారుకి అప్పగిస్తున్నాను. గంటకీ డేగకీ దేనికీ దండం పెట్టని మనిషి మా వీధిలో ఆయనొక్కడే. ఇనుము తెస్తే కోస్తాడు, ఏ గుర్తుదని అడగడు. ఒక చెవి వినబడదు. మా ఇంట్లోవాళ్లతో వేగడానికి అది అదనపు అర్హత.

అంశం 2. సదరు రెండు కంపెనీల మీద నాకున్న అభిప్రాయం నా స్వార్జితం. ఎవరి దగ్గరా వారసత్వంగా రాలేదు. దాన్ని రెండు గుర్తుల అభిమాన సంఘాలకీ సమానంగా, తరతరాలూ అనుభవించేలా దఖలు పరుస్తున్నాను. అది ఏమంటే:

గంట బండి దున్నపోతంత బరువు. నిలబెట్టిన చోట నూనె మచ్చ పడలేదంటే లోపల నూనె అయిపోయిందని అర్థం. కాస్త వేగం అందుకుంటే అద్దంలో వెనకొచ్చే ఒక లారీ నాలుగు లారీలవుతుంది. బోల్టులు చెప్పాపెట్టకుండా సెలవు పెట్టి వెళ్లిపోతాయి. దీన్నంతా దాని ఓనర్లు 'వ్యక్తిత్వం' అంటారు. మా మామయ్యకి అదే వణుకొస్తే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లారు. బండికొస్తే జాకెట్టు కుట్టించుకున్నారు.

డేగ బండి సోకు మనిషి. రెండు సైలెన్సర్లు, రెండూ దగ్గుతాయి. సిగ్నలు దగ్గర ఆగితే లైటు మిణుగురు పురుగంత అయిపోతుంది. పొద్దున కదలాలంటే బుజ్జగించాలి, ఇంటికొచ్చాక ఆగాలంటే తిట్టాలి. దీన్ని 'ప్రాణమున్న బండి' అంటారు దాని ఓనర్లు. ప్రాణముంది కాబట్టే రోజూ పోతోంది.

అసలు కంపెనీలు రెండూ నేను పుట్టకముందే మూతపడ్డాయి. పేర్లు కొనుక్కున్న కొత్తవాళ్లు ఇప్పుడు కొత్త టాంకు మీద ఫ్యాక్టరీలోనే పాత గీతలు గీసి, దానికి 'తాతల నాటి ఠీవి' అని పేరు పెట్టి ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. మా తాత గీతలు పడితే తిట్టేవాడు. అంత మోజుంటే మా షెడ్డుకి రండి, మేకుతో నేను ఉచితంగా గీస్తాను.

ఇంకోటి. రెండు గుర్తుల బ్రేకు షూలూ ఒకే చోట తయారవుతాయి. అదే అట్టపెట్టె, అదే నంబరు. పెట్టె మీద గుర్తు ఉత్త స్టిక్కరు. గంట స్టిక్కరుని గోటితో గీకండి, కింద డేగ రెక్క కనబడుతుంది. నేను గీకి చూశాను. రెండు సంఘాల పెద్దలకీ చూపించాను. ఇద్దరూ నన్ను చూశారు గానీ పెట్టెని చూడలేదు.

నిజమైన తేడా ఒక్కటే ఉంది. గంట బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. డేగ బండికి అది తిరగబడుతుంది, గేరు ఎడమకి, బ్రేకు కుడికి. ఇందుకోసం మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పసుపు గీత దాటి అవతలి బండెక్కితే, ఆ పక్కవాళ్లు "కాలు మార్చుకో!" అని అరవాలి. ఎక్కినవాడు రెండు కాళ్లతో ఫుట్‌రెస్టుల మీద రెండేసిసార్లు తట్టి "మార్చుకున్నా" అనాలి. అప్పటిదాకా క్లచ్చి వదలకూడదు. ముప్పై ఏళ్లలో ఆ షెడ్డులో పుట్టిన తెలివైన మాట ఆ ఒక్కటే.

అంశం 3. నా గంట బండి, దాని నూనె మచ్చతో సహా, మా చెల్లికి. నా పానాల సెట్టు, సందులు కొలిచే ఫీలర్ గేజీ, షెడ్డు బల్ల మీద నా చోటు కూడా దానికే. "ఆడపిల్లకి మసి చేతులెందుకు" అని నాన్నా బాబాయీ ఏకమై మాట్లాడిన సందర్భం నా ఎరుకలో ఇదొక్కటే. ఇంజను ఎక్కడ తప్పుతోందో తెలియనప్పుడు మాత్రం ఇద్దరూ గుమ్మంలోకొచ్చి, "అమ్మాయ్, ఒకసారి విని చెప్పి పో" అంటారు. అది వంటింట్లోంచే చెప్తుంది, "వాల్వు దగ్గర టాపెట్టు బిగుసుకుంది, పిస్టను కాదు" అని. ఒక్కసారీ తప్పలేదు. ఇకనుంచి బల్ల దగ్గర నిలబడి చెప్తుంది. ఎవరైనా అడ్డొస్తే దయ్యమై వచ్చి వాళ్ల కార్బొరేటర్లో ఇసక పోస్తాను.

అంశం 4. గంట సంఘం అధ్యక్షుడు, ఎండాకాలంలో కూడా తోలు జాకెట్టు విప్పడు కాబట్టి మేం 'జాకెట్టు' అని పిలిచే ఆయనకి, నా తెగిన ఎడమ చెప్పు. ఆయన పరామర్శకి వచ్చి, కట్టు కట్టిన నా కాలుతో ఫొటో దిగి, 'డేగ పొడిచిన మా సోదరుడు' అని పోస్టరు వేయించాడు. నా కాలు మీద వాళ్ల స్టిక్కరు కూడా అంటించాడు. సిస్టరు చూసి పీకింది. వెంట్రుకలతో సహా వచ్చింది.

అంశం 5. డేగ సంఘంవాళ్లకి ఏమీ లేదు. 'గంటగాళ్లకి బండి నడపడం రాదు' అని నా యాక్సిడెంటు మీద వీడియో తీశారు. బొమ్మలు గీసి మరీ వివరించారు. జాకెట్టు పోస్టరు చూసి నాకు నవ్వొచ్చింది. ఈ వీడియో చూసి మాత్రం ముసుగు తన్ని పడుకున్నాను. ఎందుకో ఎనిమిదో అంశంలో తెలుస్తుంది.

అంశం 6. మా పిన్నికి, అంటే బాబాయి భార్యకి, నా చిన్న రేడియో, దుప్పటి, నేను వాడకుండా దాచుకున్న కొత్త తువ్వాలు. అమ్మ పోయాక నాకూ చెల్లికీ అన్నం కలిపి పెట్టింది ఆవిడే. ఈ ఐదు వారాలూ క్యారేజీ తెచ్చి, నాన్న ఉంటే లోపలికి రాకుండా సిస్టరు చేతికిచ్చి వెళ్లిపోతోంది. నిన్న గిన్నె మూత తీస్తే నాకిష్టమని అడుగంటిన మాడు వేరేగా పెట్టింది. తిన్నాను. పిన్నీ, నువ్వు గుమ్మం దగ్గర ఆగిపోవడానికి కారణం మీ ఆయన చెయ్యి కాదు.

అంశం 7. నాన్నకి, షెడ్డు అటక మీదున్న పసుపు రంగు డబ్బా. అందులో రంగు ఎండిపోయింది. మళ్లీ కొనొద్దు. ఆ గీత ముప్పై ఏళ్లు బాగానే ఉంది. "తమ్ముడూ, నీ డేగ దగ్గుతోంది, మందు పట్టరా" అని నువ్వనడం, "అన్నయ్యా, నీ గంట కారుతోంది, గుడ్డ కట్టు" అని ఆయననడం, ఆ ఒక్క ఫ్లాస్కులో టీ ఇద్దరూ తాగడం, అదంతా గీత మీదే నడిచింది. ఐదు వారాలుగా నువ్వు దాన్ని గోడ చేశావు. డాక్టరుగారు రాడ్డు వేయాలంటే నువ్వడిగిన ప్రశ్న ఒక్కటే, "ఏ కంపెనీదండీ?" ఆయన నవ్వాడు. నువ్వు నవ్వలేదు. నాన్నా, నీకు కొడుకు మీద ప్రేమ ఉంది. కానీ అది గుర్తు చూసి గానీ బయటికి రాదు.

అంశం 8. నిజం. దీన్ని బాబాయికి రాసిస్తున్నాను. నా ఆస్తిలో విలువైనది ఇదొక్కటే. ఇన్నాళ్లూ ఇవ్వకుండా దాచింది కూడా ఇదే.

ఆ రోజు పళ్ల డాక్టరుగారి డేగ బండికి బాబాయి వెనక బ్రేకు షూలు మార్చాడు. డేగ పెట్టెలు అయిపోతే నాన్న అరలోంచి గంట పెట్టె తీసి విప్పాడు. ఎక్కించాడు, నట్టు బిగించాడు, పిన్ను గుచ్చాడు, చక్రం తిప్పి తొక్కి చూశాడు. ఠక్కున ఆగింది. నేను పక్కనే ఉండి చూశాను. ట్రయలుకి నేనెక్కాను. బాబాయి అరిచాడు, "కాలు మార్చుకోరా!" నాన్న గ్రైండరు మీద ఉన్నాడు, వినబడలేదు. నాకు వినబడింది. తట్టలేదు. "నీ డేగకి కాళ్లెందుకు బాబాయ్, ఉఫ్ అంటే ఎగిరిపోతుంది" అని క్లచ్చి వదిలేశాను.

బేకరీ మలుపులో రొట్టెల వ్యాను వెనక్కి వస్తోంది. తొక్కాను. ఒంట్లో బరువంతా వేసి తొక్కాను. ఎడమకాలితో. అది గేరు. బండి ఒక్క కుదుపు కుదిపి ముందుకే పోయింది. ముందు బ్రేకు చేత్తో పట్టుకోలేదా అంటారు. పట్టుకున్నాను. ముందుది ఒక్కటే పట్టుకుంటే ఆ బండి ఆగదని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేది నేనే. బండి నా ఎడమకాలు మీద పడింది. పైకి తేలిన కుడిపక్క మీదికి వ్యాను చక్రం ఎక్కి బ్రేకు పెడలునీ రాడ్డునీ తుక్కు చేసింది. అందుకే తర్వాత చూసినవాళ్లెవరూ ఏదీ తేల్చలేకపోయారు. నేను తేలుస్తున్నాను. బ్రేకు బాగుంది. దాన్నెవరూ తొక్కలేదు.

ఎందుకు చెప్పలేదంటే, సిగ్గు. గుర్తులకి దండం పెట్టేవాళ్లంతా గాడిదలని పదేళ్లుగా వాగినవాణ్ణి. నా నోరు ఏ గుంపులోనూ చేరలేదు. నా ఎడమకాలు మాత్రం ఎప్పుడో గంట సంఘంలో చేరిపోయింది, నాకు చెప్పకుండా. జాకెట్టుకీ నాకూ ఉన్న తేడా జాకెట్టొక్కటే. ఈ వీలునామాలో నేను అందరికన్నా ఎక్కువగా ఈసడించుకునేది ఆ పోస్టరు వేసినవాణ్ణి కాదు, ఆ వీడియో తీసినవాళ్లని కాదు, నువ్వు వణికే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావని వినీ ముసుగు తన్ని పడుకున్నవాణ్ణి.

బాబాయ్, నా కాలు నువ్వు తినలేదు. నేనే తిన్నాను. పానా పట్టు.

అంశం 9. వీలునామా మనిషి పోయాకే అమల్లోకి వస్తుందట. ఎనిమిదో అంశానికి ఆ రూలు వర్తించదు. బతికితే మళ్లీ నోరు మూసుకుంటానని నా మీద నాకు గట్టి నమ్మకం. కాబట్టి రేపు నన్ను లోపలికి తోసుకెళ్లకముందే, చెల్లి ఈ కాగితాన్ని నాన్ననీ బాబాయినీ ఒకే గదిలో నిలబెట్టి, లేతు మాస్టారు వినబడని చెవికి కూడా వినబడేంత గట్టిగా చదవాలి. నేను ముసుగు తన్నితే దుప్పటి లాగేయాలి. మిగతా అంశాలు నేను పోయాకే.

ఇందులో కొట్టివేతలు మూడు. మూడూ తిట్లే, నేనే కొట్టేశాను. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు, ఇకముందు రాసే తీరికా ఉండదు.

ఈ నెల పంతొమ్మిదో తేదీ, బుధవారం, సాయంత్రం నాలుగు గంటలు.

(సంతకం) ఆకురాయి

సాక్షులు:
1. పన్నెండో మంచం పెయింటరు. నిచ్చెన మీంచి పడ్డాడు. సైకిలు తప్ప ఏదీ నడపడు.
2. వార్డు సిస్టరు. స్టిక్కరు పీకినావిడ.

చెల్లి చేతిరాతతో: ఇరవయ్యో తేదీ, గురువారం, ఉదయం ఏడు దాటి పది నిమిషాలకి ఎనిమిదో అంశం చదివాను. దుప్పటి లాగాల్సిన పని పడింది. పిన్ని లోపలికి వచ్చింది. నాన్న మొత్తం విని, ఏడో అంశం కూడా చదవమన్నాడు. చదివాను. స్ట్రెచరు కదులుతుంటే బాబాయి వెనకనుంచి అరిచాడు, "కాలు మార్చుకోరా!" అన్నయ్య కుడికాలితో స్ట్రెచరు కమ్మీ మీద రెండుసార్లు తట్టాడు.

విన్నవారు:
అన్న, అంటే మా నాన్న (సంతకం)
తమ్ముడు, అంటే మా బాబాయి (సంతకం, చెయ్యి వణకలేదు)