బావ పన్నుకు క్యాప్

అక్కా,

బావ ఇంటికొచ్చి నీతో ఏమైనా అన్నాడా? అనకపోతే నువ్వూ అడగకు.

పొద్దున ఆయన దవడ పన్నుకు రూట్ కెనాల్ ముగించి, మామూలు ఫిల్లింగ్‌తో పూడ్చేసి, "అయిపోయింది, లే బావా" అన్నాను. ఆయన లేవలేదు. "క్యాప్‌కి కొలత తీయవా?" అన్నాడు. "ఎందుకులే, నీకిది చాలు" అని నోరు జారాను.

రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను గుల్లబారి ఉంటుందని, క్యాప్ వేయకపోతే ఏడాది రెండేళ్లలో చీలిపోతుందని, నా క్లినిక్ కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్లందరికీ నచ్చజెప్పేది ఆయనే కదక్కా! కానీ బావ ఇంకో వేసవి చూడడని పెద్దాసుపత్రి డాక్టర్లు మనిద్దరికే చెప్పిన మాట నా బుర్రలో ఉంది. ఆ కాస్త కాలానికి మళ్లీ పన్ను అరగదీసి బాధపెట్టడమెందుకు అనుకున్నాను.

"ఎన్నాళ్లకి చాలు, డాక్టరమ్మా?" అన్నాడు. నేను గ్లవ్స్ విప్పి బుట్టలో పడేశాను. ఆయన నోరు పుక్కిలించి, "మీ అక్కతో అనకు. నాకు తెలియదనుకునే కాస్తయినా నవ్వుతోంది" అన్నాడు.

అనకుండా ఉండలేకపోయాను. నువ్వు మాత్రం నవ్వడం మానకు. రేపు ఆయన్ని పంపు, క్యాప్‌కి కొలత తీస్తాను. వద్దనడు. మనకోసమైనా నోరు తెరుస్తాడు.

నీ చెల్లి