కంబళి మింగిన లాప్‌టాప్

ధనంజయా, ఆ లాప్‌టాప్‌ను ఇక కంబళి మీద పెట్టి ఆడవద్దు. పెట్టావంటే ఈ తాత నీ వేళ్లు విరిచి పొయ్యిలో పెడతాడు. జల్లెడ బోర్లించి దాని మీద పెట్టు, కింద గాలి ఆడుతుంది. సోలార్ పార్కు వైపు నుంచి దుమ్ము లేస్తే కిటికీ మూసెయ్యి. అడుగు చిల్లులను మెత్తటి బ్రష్‌తో దులుపు, అదీ మిషన్ ఆపిన తరువాతే. నోటితో ఊదితే ఉమ్ము పడుతుంది.

నిన్న ఆట మధ్యలో అది వేడెక్కి ఆగిపోతే, "నువ్వే ఏందో చేసినావే!" అని చెల్లెలి మూతి మీద గుద్దావు. రూప పెదవి చీలింది, ముందు పన్ను ఊడింది. ఆటలో నువ్వు నరికినవాళ్లంతా మళ్లీ లేచి వస్తారు. ఆ పన్ను రాదు.

కుట్లు వేయించడానికి ఈ తాత రూపను హొసకోట ఆస్పత్రికి తీసుకుపోతున్నాడు. "ఆడి నుంచి బలసముద్రంలో అత్త దగ్గరికి పోతా తాతా, వాడుండే ఇంటికి రాను" అంటోంది. అది అత్త ఊరి బస్సెక్కక ముందే నువ్వు ఆస్పత్రికి రా.

మీ ముత్తాత నిడుగల్లు కొండలో చిరుతను దవడలు పట్టి నిలువునా చీల్చాడు. చేతులు కడుక్కుని ఇంటికొచ్చి చెల్లెలికి జడ వేశాడు.

మరిచాను. గూట్లో అగ్గిపెట్టె ఉంది. ముళ్లు తీసే పట్టకారుతో ఈ తాత లాప్‌టాప్ చిల్లుల్లోంచి లాగిన ఉన్ని అందులో ఉంది, నీ కంబళిదే. అది తెచ్చి రూపకు చూపించి, మిషన్ ఆగింది దీనివల్లే, తన వల్ల కాదని నువ్వే చెప్పు. ఈ తాత చెబితే చిరుత కథలాగే ఆ ఉన్ని కూడా కొమ్ములు తిరిగిన పొట్టేలైపోతుంది, రూప ఒక్క ముక్క నమ్మదు.