పెంకుల కింద పిచ్చుకలు

సరోజినీ,

రెండు రోజులుగా ఉక్క. ఇవాళ మబ్బు పట్టింది. కళ్లంలో ఆరబోసిన దాళ్వా ధాన్యం కుప్ప చేసి, బరకాలు కప్పి వచ్చాను.

మనింటి పాత పెంకులు దించి స్లాబు వేయిస్తున్నాను. పోయిన వారం మేస్త్రి అప్పారావు నిచ్చెనెక్కి, వసారా మూల పిచ్చుక గూడుందన్నాడు. అందులో మూడు పిల్లలు. పని ఆపమన్నాను.

"వానలొస్తే పని సాగదండీ. కూతురు పురిటికొచ్చినట్టు చెబుతున్నారేంటండీ!"

"పిల్లలతో ఉంది కదయ్యా, వారం ఆగు."

ఒకప్పుడు ధాన్యం మీద పిచ్చుక వాలితే కర్ర విసిరేవాణ్ణి. బడిలో సైన్సు చెప్పే నువ్వు నాకూ ఓ పాఠం చెప్పావు. మనిషి సేద్యం మొదలుపెట్టాక, గడ్డిగింజలు తినే అడవి పిట్ట ధాన్యం కోసం ఇళ్ల దగ్గరికొచ్చిందన్నావు. గట్టి గింజ కొరికి అరిగించుకోగలిగినవే ఎక్కువగా బతికి, తరాలు గడిచేసరికి ఆ జాతి ముక్కే బలపడిందన్నావు.

"మన పంట తిని మారిపోయిన పిట్టండీ. ఇప్పుడెక్కడికి పొమ్మంటారు?" అని అడిగావు. ఆ తరవాత నేను కర్ర పట్టలేదు.

నువ్వు పోయిన ఈ రెండేళ్లూ పొద్దున్నే ఇంట్లో సందడి వినిపించిందంటే అది వాటివల్లే. వాటిని ఉండనిచ్చింది నువ్వు.

అప్పారావు సణుక్కుంటూనే, స్లాబు కింద లేపే కొత్త గోడలో పిచ్చుకల కోసం మూడు కన్నాలు వదులుతానన్నాడు. రేపు పెంకులు దించుతాడు.

రెండు పిల్లలు నిన్న ఎగిరిపోయాయి. మూడోది ఈ పొద్దున ఏడు దాటాక వెళ్లింది.