మూడు నిమిషాల జముకు

1997 ఫిబ్రవరి 10

ఉద్యోగంలో చేరి ఇవాళ్టికి వారం. ఢిల్లీ మండీ హౌస్ దగ్గర మూడో అంతస్తు. టైప్‌రైటర్ తీసేసి నాకు కంప్యూటర్ ఇచ్చారు. 'ఈ' కొడితే రెండు పడుతోంది.

మా పని అంతర్జాతీయ పాటల పోటీకి మన దేశం తరఫున ఒక పాటను పంపడం. నాలుగేళ్లుగా సినిమా పాటలాంటివే పంపారట. నాలుగుసార్లూ చివరి వరసలోనే మిగిలారట. ఈసారి బ్యాంకాక్‌లో. డైరెక్టర్ మల్హోత్రా సార్ పిలిచి, ఇంతవరకు ఆ స్టేజి ఎక్కని సంగీత రీతులు, కళాకారుల లిస్టు ఒకటి తయారుచేయమన్నారు. జడ్జీలకు కొత్తది కావాలట.

ఇరవై మూడు రాశాను. పదిహేడోది జముకుల కథ. అది రాస్తుంటే ఎందుకో సిగ్గేసింది, మా ఇంటి గుట్టు ఆఫీసులో చెప్పినట్టు.

ఫిబ్రవరి 12

సార్ వేలు సరిగ్గా పదిహేడు మీదే ఆగింది. అదేమిటని అడిగారు. డోలులాంటి చిన్న వాద్యం, ఒకవైపే తోలు, మధ్యలోంచి తీగ, చంకలో ఇరికించుకుని తీగ మీటుతూ అమ్మవారి కథ చెబుతారు, మా బొబ్బిలి వైపు ఆడవాళ్లు కూడా చెబుతారు అన్నాను. ఢిల్లీలో ఎవరైనా ఉన్నారా అన్నారు. వెతుకుతానన్నాను. వెతికితే దొరకరనే అనుకున్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

దొరికారు.

మునిర్కాలో నా పక్క గదిలో ఉండే కమలాకుమారి వాళ్ల బంధువు ఒకాయన కంటోన్మెంట్‌లో హవల్దారు. పేరు పెద్దిరాజు. ఆయన తల్లి మాణిక్యమ్మ. అరవై ఉంటాయి. పార్వతీపురం దగ్గర ఊరు. అక్కచెల్లెళ్లు ముగ్గురూ కలిసి కథ చెప్పేవారట. మిగతా ఇద్దరూ పోయాక ఈవిడ ఆపేసి కొడుకు దగ్గరికి వచ్చేశారు. పదేళ్లయింది.

జముకు ట్రంకుపెట్టె అడుగున, పాత మిలిటరీ కంబళిలో చుట్టి ఉంది. తీగ బిగించడానికే అరగంట పట్టింది. తర్వాత పాడారు. క్వార్టర్స్ వరండాల్లోకి జనం వచ్చి నిలబడ్డారు. బిహారీలు, గఢ్వాలీలు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరూ కదల్లేదు. పెద్దిరాజుగారు మాత్రం లోపలికి వెళ్లిపోయారు. అమ్మ మళ్లీ పాడుతుందని అనుకోలేదట.

మార్చి 7

ఆడిషన్. మల్హోత్రా సార్ కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. అది రాసిపెట్టుకోవాలి, ఆయన చెడ్డవాడేం కాదు.

రూల్ ఏమిటంటే పాట మూడు నిమిషాలు దాటకూడదు. మాణిక్యమ్మగారికి చెప్పాను. కథ అంటే మూడు రాత్రులు, మూడు నిమిషాల్లో దణ్ణం పెట్టుకోవడం కూడా అవదన్నారు. జముకు మళ్లీ ఒళ్లోకి తీసుకుని, ప్రయత్నిద్దాంలే అన్నారు.

మార్చి 15

నాలుగు నిమిషాల పది సెకన్లు.

మార్చి 21

రెండు నిమిషాల యాభై ఎనిమిది.

అమ్మవారికి దణ్ణం తీసేశారు. ఊరి పేరు తీసేశారు. నేర్పిన మేనత్త పేరు తీసేటప్పుడు మాత్రం, ఒకసారి గట్టిగా పైకి పలికి, అప్పుడు తీసేశారు. గడియారం పట్టుకుని కూర్చున్నది నేను.

ఏప్రిల్ 4

రికార్డింగ్ స్టూడియోలో జముకు శబ్దం మైకుకి పట్టడం లేదట. గరుకుగా ఉందట. ఆ శబ్దాన్నే కీబోర్డులో వాయిస్తారట. ఈ మాట నేనే చెప్పాలి. ఆవిడకి తెలుగొక్కటే వచ్చు, ఆఫీసులో తెలుగు నాకొక్కదానికే వచ్చు.

అంత దూరం విమానంలో తీసుకెళితే తోలు పాడైపోతుందని చెప్పాను. అప్పటికప్పుడు కల్పించాను. ఆవిడ ఊఁ అన్నారు. జముకును ఒళ్లోంచి తీసి కింద పెట్టారు.

ఏప్రిల్ 11

ఎలా రాయాలో తెలియడం లేదు.

మీటింగులో ఆవిడ నా పక్కనే ఉన్నారు. మల్హోత్రా సార్ హిందీలో, ఈ ముసలావిడ ముఖం టీవీలో ఎవరు చూస్తారు, ముందర ఒక తెలుగు అమ్మాయిని నిలబెడదాం, గొంతు మాత్రం టేపులో పెడదాం అన్నారు. కోపంగా కాదు, కర్టెన్ రంగు మార్చమన్నట్టు. అందరూ నా వైపు చూశారు, ఇక చెప్పు అన్నట్టు.

మీ ఆరోగ్యానికి అంత ప్రయాణం మంచిది కాదంటున్నారు, మీ గొంతు మాత్రం అక్కడంతా వినిపిస్తుంది అని చెప్పాను.

ఆవిడ నా వైపు తిరిగారు. ఆ గుంట మనోళ్ల గుంటేనా అని అడిగారు. అవునన్నాను.

ఏప్రిల్ 19

ఆవిడ గుంట అన్న అమ్మాయి పేరు సాయిసుధ. ఇల్లు జనక్‌పురిలో. నాన్న సెంట్రల్ గవర్నమెంటు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతుంది. నేను అసహ్యించుకుందామని వెళ్లాను. కుదరలేదు. ఎవరూ అడగకుండానే కంటోన్మెంట్‌కి వెళ్లి మాణిక్యమ్మగారి ముందు కూర్చుని రోజంతా నేర్చుకుంది. తీగ మీటి మీటి వేలికి బొబ్బ. స్టేజి మీద కీబోర్డే కదా, ఇదంతా ఎందుకు అన్నాను. మాలూమ్ తో హోనా చాహియే నా దీదీ అంది, తెలిసుండాలి కదక్కా అని.

ఏప్రిల్ 30

ఇవాళ మాట్లాడాను. రెండు రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేసి మరీ వెళ్లాను. ఇది అన్యాయం సార్, ఆవిడ లేకుండా ఇది జముకుల కథ కాదు అన్నాను. ఆయన పూర్తిగా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చాయ్ తెప్పించారు. నీ ఫీలింగ్స్ నాకు అర్థమయ్యాయి హరిప్రియా అన్నారు. తర్వాత సాయిసుధ పేరుతో బ్యాంకాక్‌కి పంపాల్సిన ఉత్తరం ఇచ్చి టైప్ చేయమన్నారు.

టైప్ చేశాను.

మే 3

సివిల్స్‌లో రెండుసార్లు పోయింది. ఈ ఉద్యోగమూ మానేస్తే బొబ్బిలి బండి ఎక్కడమే. ఇంకేం సాకులున్నాయో అవీ రాసుకోవచ్చు. నలభై రెండు డిగ్రీలు. కరెంటు లేదు.

మే 16

బ్యాంకాక్ నుంచి ఫ్యాక్స్. టేపులో మనిషి గొంతు ఉండకూడదు. స్టేజి మీద నిలబడ్డవాళ్లే పాడాలి. అది మొదటి నుంచీ ఉన్న రూలేనట. ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు.

గంటలో గొంతు తీసేశారు. సాయిసుధే పాడుతుంది, సగం హిందీలో. చెప్పిరమ్మని మధ్యాహ్నం నన్ను కంటోన్మెంట్‌కి పంపారు.

బస్సులో దారి పొడవునా ఒక అబద్ధం తయారుచేసుకున్నాను. బ్యాంకాక్‌లో మెషీన్లు వేరు, ఇక్కడి టేపు అక్కడ ఆడదు. మాణిక్యమ్మగారు బియ్యం ఏరుతున్నారు. మొదలుపెట్టాను. సగంలో చేత్తో ఆగమన్నారు.

"నాకు ఇందీ రాదనుకున్నావా తల్లీ? మావోడి నౌకరీకని అంబాలాలో ఆరేళ్లున్నాను, జబల్‌పూర్‌లో మూడేళ్లున్నాను. పాలోడితో, కూరలోడితో ఏ బాసలో మాటాడాననుకున్నావు?"

ముసలావిడ ముఖం అన్న రోజున ఆవిడ నా పక్కనే ఉన్నారు. ఆ అమ్మాయి సంగతి నేను చెప్పకుండానే అడిగారు కూడా.

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"నువ్వు అబద్దం సెప్పిన పెతిసారీ నీ మొకం మాడిపోయేది. నీకు మరో దారి నేదని తెలిసింది. నాను అడిగితే నీ నౌకరీ పోద్ది. పాట ఎలాగూ పోయింది, నువ్వు కూడా పోడమెందుకని ఊరుకున్నాను."

మళ్లీ బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టారు. నేను ఏడుస్తుంటే ఓదార్చలేదు. చాట కొంచెం నా వైపు జరిపారు. ఇద్దరం ఏరాం.

మే 24

ఇంటి ఓనర్ వాళ్ల టీవీలో చూశాను. వెనక పొగ, నీలం లైట్లు. సాయిసుధ బాగానే పాడింది. ఒకచోట ఆ పిల్ల కుడి చెయ్యి దానంతటదే చంక దగ్గరికి వెళ్లి, లేని తీగను మీటింది. కెమెరా అప్పుడే జనం మీదికి తిరిగింది.

పంతొమ్మిది దేశాల్లో పదకొండో స్థానం. ఇంతవరకు మనకు ఇదే గొప్ప.

మే 26

ఆఫీసులో స్వీట్లు. బ్యాంకాక్ నుంచి తెచ్చిన పోటీ పుస్తకంలో మన పేజీ చూశాను. రీతి: జముకుల కథ. సంగీతం ఎదురుగా కీబోర్డు అతని పేరు. మాణిక్యమ్మగారి పేరు పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

మే 29

వచ్చే ఏడాదికి పాత లిస్టునే సరిచేసి ఇమ్మన్నారు. ఒకసారి స్టేజి ఎక్కింది కాబట్టి పదిహేడు తీసేయమన్నారు. ఎక్కలేదు సార్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పుస్తకం తెరిచి, ఇదిగో చూడు అని చూపించారు.

ఇక అది కొత్తది కాదు. ఇంకెవరూ దాన్ని వెతుక్కుంటూ రారు. డిలీట్ నొక్కాను. కింది నంబర్లన్నీ వాటంతటవే ఒక మెట్టు పైకి వచ్చాయి.

జూన్ 8, ఆదివారం

కంటోన్మెంట్‌కి వెళ్లాను. మాణిక్యమ్మగారు గది ఊడ్చి, దీపం పెట్టి, కథ మొదలుపెట్టారు. వినేదాన్ని నేనొక్కదాన్నే. నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నాను. ఆఖరి బస్సు వేళైంది. లేచి దణ్ణం పెట్టాను. ఆవిడ కథ ఆపకుండానే తలూపారు.

అప్పటికి కథలో అమ్మవారు ఇంకా పుట్టలేదు.