వెనక్కి వచ్చిన కంబళ్లు

హేమా, మడకశిరలో మీ పెద్దమ్మకు జ్వరం ఎక్కువైందని ఫోన్ వచ్చింది. బస్సుకు పోతున్నాను. ఆడికి పోయినాక ఏం వినాల్సి వస్తుందో. అన్నం, పప్పు చేసి పెట్టినాను. నాయనకు వేళకు పెట్టు.

నువ్వు కాలేజీకి పోయినాక కొరియర్ ఆయన మళ్లీ రెండు కంబళ్లు వాపసు ఇచ్చిపోయినాడు. గుచ్చుకుంటోందని ఒకరు, గొర్రె వాసన వస్తోందని ఒకరు రాసినారంట. గొర్రె బొచ్చుకు మల్లెపూల వాసన యాడ నుంచి తెచ్చేది? బియ్యం డబ్బా వెనక గోనెసంచిలో కట్టి పెట్టినాను. నాయన కంట పడనీయొద్దు. చూసినాడంటే ఇంక మగ్గంలో కాలు పెట్టడు.

ఫోన్‌లో అమ్మాలంటే ఫోటో బాగుంటే చాలన్నావు. ఫోటోకు వాసన ఉండదు గదమ్మా. కొన్నవాళ్లు నాలుగు మంచి మాటలు రాయాలన్నావు. మనకు అట్లా రాసినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఈ అంగడి నిలబడుతుందని నాకు నమ్మకం లేదు. నీ మీద కోపం కాదు, నువ్వు పడే పాటు చూస్తూనే ఉన్నాను. నాయనేమో పంపినవన్నీ అమ్ముడుపోయినాయనుకుని, చూపు ఆనకపోయినా పొద్దు మునిగేదాకా నేస్తానే ఉన్నాడు.

గ్యాస్ కట్టేసినానా లేదా, రాగానే చూడు.

ఇంకొకటి. నాయన రోజూ అన్నం ముందర కూర్చుని "ఏమే, ఈపొద్దు మన కంబళి యా ఊరికి పాయ?" అని అడుగుతాడు. బెంగళూరు, తుమకూరు, మైసూరు, హైదరాబాదు అన్నీ చెప్పేసినాను. నాకు తెలిసిన ఊర్లు అయిపోయినాయి. ఈ పూటకు నువ్వే ఏదో ఒక ఊరు చెప్పు. బాగా చలి ఉండే ఊరు చెప్పు.