ప్రెసిడెంటుగారి గోడ మీద అన్నయ్య

మార్చి 3
నేను గీసిన కార్టూను బొమ్మ పేపర్లో వచ్చింది. మా ఊరి మాజీ సైనికుల ఆసుపత్రి మూసేయమని ప్రెసిడెంటుగారు సంతకం పెట్టారు. అందరూ గొణుక్కున్నారు, నేను గీశాను. ఆసుపత్రి మంచమే పడవ. ఆయన అందులో కూర్చుని గాలం వేస్తుంటాడు. మంచం మీది రోగి కింద నీళ్లలో, మెడ దాకా. రోగికి మా అన్నయ్య ఎమెట్ మొహం పెట్టాను. అడిగే పెట్టాను. యుద్ధంలో వాడి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇకమీదట ఊపిరాడనప్పుడల్లా బస్సెక్కి పక్క రాష్ట్రం పోవాలి. ఈ బొమ్మ చూసైనా ఆయనకు సిగ్గు రావాలి.

మార్చి 6, మధ్యాహ్నం
వాషింగ్టన్ నుంచి ఫోన్. ప్రెసిడెంటుగారు పగలబడి నవ్వారట. ఒరిజినల్ కావాలట, నా సంతకంతో.

మా ఎడిటర్ హాస్కెల్ ఆఫీసంతటికీ చెర్రీ పళ్లు కూరిన తీపి రొట్టె, చెర్రీ పై, తెప్పించాడు. తమను తిట్టిన బొమ్మను అడిగి మరీ తెచ్చుకుని గోడకు తగిలించుకోవడం ఈ పెద్దమనుషులకు ఎప్పట్నుంచో ఉన్న అలవాటే. బదులుగా ఆ బొమ్మతో తాము దిగిన ఫోటో పంపుతారు. మా వృత్తిలో ఇంతకన్నా గౌరవం లేదంటాడు హాస్కెల్. నాకేమో కరవమని వదిలిన కుక్క తోకూపుకుంటూ తిరిగొచ్చినట్టుంది. చెర్రీ పై మాత్రం రెండు ముక్కలు తిన్నాను.

మార్చి 7
పంపనని చెబుదామని అన్నయ్య ఇంటికి వెళ్లాను. నన్ను నోరు తెరవనిస్తేగా! "ఒరేయ్ వెస్, నా మొహం ప్రెసిడెంటు గోడ మీదరా! పంపకపోయావో, నీ పని చెప్తా" అన్నాడు. నవ్వాడు, దగ్గాడు, ఆక్సిజన్ గొట్టం సర్దుకున్నాడు. కాఫీ తాగుతూ అయినా ప్రెసిడెంటుగారు రోజూ అన్నయ్య మొహం చూడక తప్పదట. చూసి చూసి ఏదో ఒక రోజు ఆసుపత్రి తెరుస్తాడట.

అన్నయ్య అమాయకుడా, నేను మూర్ఖుణ్ణా? ఏమీ తేలడం లేదు.

మార్చి 8
పంపేశాను.

మార్చి 21
ఫోటో రాలేదు. అన్నయ్య రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఊళ్లో తను రోజూ కాఫీ తాగే డైనర్ హోటల్లో అందరికీ చెప్పేశాడట. అది నడిపే బెర్నిస్ ఆ ఫోటో కోసం గోడ మీద చోటు కూడా ఖాళీ చేసిందట.

ఏప్రిల్ 2
వచ్చింది. ప్రెసిడెంటుగారు నవ్వుతూ నిలబడ్డారు, వెనక నా బొమ్మ. ఖరీదైన చెక్క ఫ్రేము. అందులో ఇమడలేదేమో, కింద బెత్తెడు మడిచేశారు. పడవ ఉంది. గాలం ఉంది. నీళ్లు లేవు, అన్నయ్య లేడు. ఎవరో పెద్దాయన ఆదివారం పూట చేపలు పడుతున్నాడు, అంతే.

కావాలనే మడిచారా? ఫ్రేము కట్టినవాడు చూసుకోలేదా? మరి ఆ రోజు ఆయన నవ్వింది దేన్ని చూసి? ఎవరినడగాలో కూడా తెలియదు.

ఏప్రిల్ 3
దాచేద్దామనుకున్నాను. నా వాలకం చూసి అన్నయ్య పట్టేశాడు. ఫోటోను కళ్లద్దాలకు ఆనించుకుని చాలాసేపు వెతికాడు. "నేనేడిరా?" అన్నాడు. మడతలో ఉన్నావన్నాను. ఫోటో నా చేతికిచ్చేశాడు. నేను లేచి వస్తుంటే, పక్క రాష్ట్రం బస్సు టైములు కనుక్కోమన్నాడు.

ఏప్రిల్ 5
రేపటి బొమ్మ ఇచ్చాను. బొమ్మ గడి అంతా తెలుపు. పడవ లేదు, గాలం లేదు. అడుగున బెత్తెడు నీళ్లు, అందులో అన్నయ్య. అచ్చు నమూనా చూసి, పైభాగం పడలేదనుకుని హాస్కెల్ ప్రెస్సువాళ్ల మీద అరవబోయాడు. ఇంతేనన్నాను. నన్నోసారి ఎగాదిగా చూసి, వేశాడు.

ఏప్రిల్ 6
పొద్దున్నే అన్నయ్య ఫోన్. పైన ఎవరూ లేరేంట్రా అన్నాడు.

లేరన్నాను.