ఫౌంటెన్‌కు నీళ్లున్నాయి

ఏప్రిల్ 9

ఈ డైరీ ఎవరు తెరిచినా సరే, ముందు ఒక మాట. నువ్వు కూడా ఆ ఫౌంటెన్ ముందు నిలబడి సెల్ఫీ దిగావు. ఆ నీళ్లు ఎక్కడివని అడగలేదు.

ఇవాళ నేను అడిగాను. అక్కను డయాలసిస్‌కి తీసుకెళ్తే టెక్నీషియన్ చేతులెత్తేశాడు. లైన్లో నీళ్లు లేవట, మిషన్లన్నీ ఆపేశారట. మా ఊళ్లో వీధికో వంతు. వంతొచ్చినప్పుడే వాల్వ్ తిప్పి నీళ్లు వదులుతారు. ఆస్పత్రికి మాత్రం వంతు లేదు, దాని వాల్వ్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దాన్ని మూసేసి, ఆ నీళ్లను కొత్త జిల్లా ఆఫీసు ముందున్న ఫౌంటెన్‌కి మళ్లించారు. పన్నెండున ప్రారంభోత్సవానికి మంత్రి వస్తున్నాడు. ఎండిన ఊరని ఆయనకు అనిపించకూడదట.

అక్క నవ్వింది. నన్నేమో గుక్కెడు మించి తాగొద్దంటారు, మిషనుకేమో డ్రమ్ములకొద్దీ కావాలి, నాకంటే దానికే దాహం ఎక్కువే అంది. వాపుకి ఆమె పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

ఏప్రిల్ 10

వాల్వ్ తిప్పే ఆయన ఇంటికి వెళ్లాను. ఆస్పత్రి వాల్వ్ కీ తన దగ్గర లేదన్నాడు. ఇంజినీరు గారు కార్లో పెట్టుకు తిరుగుతున్నారమ్మా, మా మేనత్త కూడా డయాలసిస్‌కి అదే ఆస్పత్రికి వెళ్తుంది కదా, నన్ను నమ్మట్లేదు అన్నాడు.

అక్కణ్నుంచి కొత్త ఆఫీసులో ఇంజినీరు గదికి వెళ్లాను. కూర్చోమనలేదు. కూర్చున్నాను. ప్రారంభోత్సవం అయ్యేదాకానే కదా మేడమ్, కాస్త సర్దుకోండి అన్నాడు. కిడ్నీలు సర్దుకోవన్నాను. జిల్లా కావాలని రోడ్డు మీద టెంటు వేసి గొంతు చించుకున్నది మీరే కదా, జిల్లా అన్నాక ఈ మాత్రం హంగు ఉండొద్దా అని వెటకారం.

అవును, చించుకున్నాను. జిల్లా అయితే ఆస్పత్రి పెద్దదవుతుందని అడిగాం. నీ గది ముందు నీళ్లు ఎగరాలని కాదు. ఆ మాటే అతని ముఖం మీద అన్నాను. ఫోన్ చూసుకున్నాడు.

ఏప్రిల్ 11

ట్యాంకర్ తెప్పించాను. ఉప్పునీళ్లు. ఫిల్టర్ పాడైతే అందరి ప్రాణాల మీదికి వస్తుందని టెక్నీషియన్ పైపు తగిలించనివ్వలేదు. అతను చెప్పింది నిజం. అందుకే ఇంకా మండింది. పక్క ఊరి ఆస్పత్రిలో మిషన్ ఖాళీ లేదు.

సాయంత్రం

అక్కకు పడుకుంటే ఊపిరాడటం లేదు. కూర్చునే ఉంది. రేపు మిషన్ ఎక్కకపోతే ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు. నేను ప్రజలు, వనరులు, ప్రాధాన్యాలు అంటూ మొదలుపెట్టాను. నీ ఉపన్యాసం తర్వాత వింటాను గానీ, పొద్దున్నే నన్ను ఆ ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్లవే, నా నీళ్లు నన్ను చూసుకోనీ అంది.

ఏప్రిల్ 12, ఉదయం

పక్కింట్లో ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చాను.

తర్వాత

ఫౌంటెన్ మధ్యలో, కుర్చీలో అక్క. పక్కన నేను, మోకాళ్ల దాకా నీళ్లలో. డైరీ తడుస్తోంది. మంత్రి కారు గేటు దగ్గర ఆగిపోయింది. బూట్లు తడుస్తాయని ఇంజినీరు గట్టు మీదే నిలబడి బయటికి రండి మేడమ్ అని బతిమాలుతున్నాడు. మా డిమాండ్లు:

ఆస్పత్రి వాల్వ్ ఇప్పుడే తెరవాలి.
దాని కీ ఇకమీదట ఆస్పత్రిలోనే ఉండాలి.
ఏ మంత్రి వచ్చినా ఆ వాల్వ్ మూయకూడదు.
అంబులెన్స్ ఈ గట్టు దాకా రావాలి.
అక్కకు పొడి తువ్వాలు ఇవ్వాలి.